అంధులకు మూసిన సర్కారు వాకిలి

అంధుడు కంప్యూటరును చెవితో చదువును. తెరమీది యక్షరములను యంత్రము పలికి వినిపించును. మన సర్కారు కార్యాలయములు పెక్కు, ఉత్తర్వులకు ఫొటోలు తీసి వెబ్‌సైటులయం దుంచుచున్నవి. బొమ్మగా మాఱిన యక్షరము ఆ యంత్రమునకు మూగయే. దరఖాస్తు తుదిని వంకర యక్షరములు చూపి, గుర్తించి వ్రాయుమనుచున్నవి. చూపులేనివానికి చూపున పరీక్షయా!

ఈ యన్యాయమును మాన్పుటకే 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చినది. నియమములు సలహాలై యుండిన చాలదనియు, తప్పనిసరి కావలెననియు 2024 నవంబరు 8న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. డిజిటల్ సేవల నందుకొనుట జీవించు హక్కులో భాగమని 2025 ఏప్రిలు 30న మఱల పలికినది. ఇంక నేమి కావలయును?

పౌరుడు చట్టము మీఱిన జరిమానా వేయు ప్రభుత్వము, తాను మీఱిన సాకులు చెప్పునా? మేము దయ నర్థించుట లేదు. ప్రతి వెబ్‌సైటును అంధులచేతనే పరీక్ష చేయించి, వారు సరియన్నదానినే ప్రజలకు తెఱవవలెను. తాళము వేసినవాడే తీయవలెను.