సంఘము పేరు, ట్రేడుమార్కు నోటీసు

సభ్యుల మిర్చిని, మామిడిని, బియ్యమును దళారుల ప్రమేయము లేక విక్రయించుటకై మన సహకార సంఘములు కొన్ని అంతర్జాలమున డొమైన్ పేర్లను రిజిష్టరు చేయించుకొనుచున్నవి. ఇది ముదావహము. అయితే ఆ పేరు తమ ట్రేడుమార్కును పోలియున్నదనియు, తక్షణమే తమకు స్వాధీనపరుపవలెననియు ఏదేని కంపెనీ వకీలుచే నోటీసు పంపినచో సంఘమేమి చేయవలెను? వెఱచి పేరు వదలుకొనుటయు, కాగితమును బీరువాలోఁ బడవేసి యూరకుండుటయుఁ గూడ హానికరములే యని మా యభిప్రాయము.

వకీలు నోటీసు తీర్పు కాదు. డాట్ కామ్ మొదలగు పేర్ల తగవులకై ఐకాన్ సంస్థ 1999లో నొక విధానము నేర్పరచినది. ఫిర్యాదుదారు అందు మూఁడు సంగతులు రుజువు చేయవలెను: పేరు తన మార్కే యగుట, లేక భ్రమ గొలుపునంతగా దానిని పోలియుండుట, ప్రతిపక్షమున కా పేరుపై హక్కుగాని న్యాయమైన ప్రయోజనముగాని లేకుండుట, దురుద్దేశముతో దానిని రిజిష్టరు చేసి వాడుకొనుట. ఇందే యొక్కటి లోపించినను ఫిర్యాదు నిలువదు. ఫిర్యాదు నడచుట మొదలైన పిమ్మట జవాబునకు గడువు 20 దినములు. అందు పేరు రద్దగుటయో, చేతులు మాఱుటయో తప్ప నష్టపరిహారము లేదు. డాట్ ఇన్ పేర్లకు నిక్సీవారి విధానము వేఱుగా నున్నది. ఇవిగాక న్యాయస్థానములు కలవు. డొమైన్ పేర్లకును వ్యాపారనామములకువలె రక్షణ కలదని మన సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే దావాలోఁ దీర్పు చెప్పినది. కావున ఉపేక్ష తగదు.

నోటీసు రాకపూర్వమే సద్బుద్ధితో నా పేరున సరకు విక్రయించితిమనిగాని, ఆ పేరుననే ప్రసిద్ధులమనిగాని చూపఁగలిగిన సంఘమునకు బలము కలదు. రిజిష్ట్రేషను పత్రము, నిబంధనావళి, పాత బిల్లులు, పేరచ్చువేసిన గోనెసంచులు, ఇవియే మన సాక్షులు. తేదీలతో వీనిని భద్రపరుపవలెను. "ఇన్ని లక్షలిచ్చినఁ బేరిచ్చెదము" అని మాత్రము వ్రాయరాదు. అమ్మకమునకే పేరు పట్టితిరనుటకు అదియే యాధారమగును.

మఱియొక మాట. పెక్కుచోట్ల డొమైను గుమాస్తా పేరనో, కంప్యూటరు పని చేసిన కుఱ్ఱవాని పేరనో యుండును. అతఁడు వెడలిపోయినచో నోటీసు వచ్చినట్లే సంఘమునకుఁ దెలియదు. దానిని వెంటనే సంఘము పేరనే మార్పించుకొనవలెను. సంఘముగా రిజిష్టరగుటయే ట్రేడుమార్కు హక్కు కాదు గనుక, ఆ హక్కునకై వేఱుగా దరఖాస్తు చేయుట మేలు.

పొరుగువాని గట్టు మనము నఱుకరాదు; ప్రసిద్ధ మార్కును పోలిన పేరు మనమెన్నుకొనరాదు. మన గట్టును నఱుకనీయనురాదు. పాలకవర్గములు రాఁబోవు సమావేశముననే యీ విషయమును చర్చింపఁ గోరుచున్నాము.