ఇంపాక్ట్ రెంచ్ ఆగొచ్చు.. ముందు టార్క్ రెంచ్ కొనండి!

ఎక్స్‌పల్స్ 200 లాంటి బైక్ ఇంటికి రాగానే మన చూపు కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచ్ మీదే పడుతుంది. లిథియం బ్యాటరీ, ఎల్‌ఈడీ లైట్, ‘టర్ర్’మనే సౌండ్.. గ్యాడ్జెట్ పిచ్చోళ్లం కదా! నేనూ కొన్నా. దాంతోనే క్లచ్ కవర్ బోల్టులు బిగించా. బోల్టు స్టీలు, ఇంజిన్ కేస్ అల్యూమినియం. రెండో బోల్టుకే థ్రెడ్ పోయింది. చివరికి లేత్ షాపులో కొత్త థ్రెడ్ వేయించాల్సొచ్చింది.

అందుకే నా ఓటు టార్క్ రెంచ్‌కే. అయితే పెద్దది చూసి టెంప్ట్ అవ్వొద్దు. 28-210 న్యూటన్ మీటర్ల రెంచ్ యాక్సిల్ నట్‌కి ఓకే. కానీ 10 న్యూటన్ మీటర్లు సరిపోయే 6 ఎంఎం బోల్టు దాని రేంజ్‌లోకే రాదు. ముందు 5-25 రేంజ్ ఉన్న చిన్నది తీసుకోండి. క్లిక్ టైప్ అయితే పనయ్యాక సెట్టింగ్‌ను కనిష్ఠానికి తిప్పి పెట్టాలి. లేదంటే లోపలి స్ప్రింగ్ దెబ్బతిని రీడింగ్ తప్పొచ్చు.

తర్వాత ప్యాడాక్ స్టాండ్. సెంటర్ స్టాండ్ లేని బైక్‌ని బురద రైడ్ తర్వాత కొంచెం కొంచెం తోస్తూ చైన్ తుడవడం నరకం. వెనక చక్రం పైకి లేస్తే పని ఈజీ, స్పోకులూ చెక్ చేసుకోవచ్చు. చక్రాన్ని మాత్రం చేత్తోనే తిప్పండి. ఇంజిన్ ఆన్ చేసి గేర్‌లో పెట్టి తుడిస్తే వేళ్లు పోతాయ్!