చుప్‌చాప్‌గా ఉండే పిల్లలకు చీటీ రాదు



"మీ బిడ్డను ఒకసారి సైకాలజిస్టుకు చూపించండి" అని స్కూలు నుంచి చీటీ వచ్చిందంటే మన ఇళ్లలో ఖయామత్ వచ్చినట్టే. "క్యా, మేరా బచ్చా పాగల్ హై క్యా?" అని అమ్మీ ఏడుపు. "ఆ టీచరుకు మనవాళ్లంటే నఫ్రత్" అని అబ్బా కోపం. నానీ అప్పటికే నజర్ తీయడానికి ఎండుమిరపకాయలు వెతుకుతుంటుంది. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు పేర్లు తిట్లయిపోయిన చోట ఈ భయం నాకు అర్థమవుతుంది. ఖాందాన్‌లో తెలిస్తే రేపు రిష్తాలు రావన్న ఫికర్ ఒకటి పైన.

15 ఏళ్లుగా చిన్న తరగతులకు చదువు చెబుతున్నాను. అల్లరి చూసి మాత్రమే ఎవరూ ఆ చీటీ రాయరు. అల్లరి చేయని పిల్లాడెవడు? ఎన్నాళ్లుగా ఉంది, ఎక్కడెక్కడ ఉంది, దానివల్ల బిడ్డకు ఏం ఆగిపోతోంది అన్నది చూసి రాస్తాం. ఏడీహెచ్‌డీ అనే మాట ఈమధ్య అందరి నోటా వినబడుతోంది. డాక్టర్లు మాత్రం ఆ లక్షణాలు కనీసం 6 నెలలుగా ఉన్నాయా, ఇంట్లోనూ బడిలోనూ కనబడుతున్నాయా, 12 ఏళ్లలోపే మొదలయ్యాయా అని అడుగుతారు. బడిలో తప్ప ఇంకెక్కడా లేని అల్లరైతే తక్లీఫ్ ఆ క్లాసులోనే ఉండొచ్చు. అదీ అక్కడే తేలుతుంది.

చీటీ పట్టుకుని వెళ్తే ఒక్కోసారి దిమాగీ బీమారీయే కాదని తేలుతుంది. మాటలు ఆలస్యమైన బిడ్డకు ముందు చెవులు పరీక్ష చేస్తారు. పాఠం మధ్యలో ఉన్నట్టుండి కాసేపు శూన్యంలోకి చూసి, మళ్లీ ఏమీ జరగనట్టు రాసుకునే పిల్ల ఉంటుంది. అది మూర్ఛలో ఒక రకం కావచ్చు. పడిపోదు, కాళ్లూచేతులూ కొట్టుకోదు, అందుకే ఎవరికీ తెలియదు. ఈఈజీ తీస్తే తెలుస్తుంది, చాలామందికి మందులతో అదుపులోకి వస్తుంది. మన దగ్గర దాన్ని సాయా అంటారు, ఆమిల్ దగ్గరికి తీసుకుపోతారు. దువాకు నేను అడ్డు చెప్పను, నేనూ చేస్తాను. ఇలాజ్ చేయించుకోమన్నదీ మన రసూల్ (స) చెప్పిన మాటే. తావీజు కట్టి ఆర్నెల్లు చూద్దాం అనే దానితోనే నా పేచీ. ఏడేళ్ల పిల్లకు ఆర్నెల్లంటే సగం తరగతి పోయినట్టు. మానసిక వైద్యం ఫిరంగీలు తెచ్చిందని వాదించే బుజుర్గులకు ఒక మాట: కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన బీమారిస్తాన్‌లో మానసిక రోగులకు విడిగా చోటు ఉండేది.

నా అసలు ఫికర్ చీటీ రాని పిల్లల గురించి. 40 మంది క్లాసులో బెంచీలెక్కేవాడు అందరికీ కనిపిస్తాడు. మూల కూర్చున్న ఆడపిల్ల ఎవరికీ కనిపించదు. ఇంట్లో ఉర్దూలో గలగలా మాట్లాడే పిల్ల బడిలో పెదవి విప్పదు. తెలుగు రాదేమోనని టీచరు అనుకుంటుంది. "మేరీ బేటీ బహుత్ శరీఫ్" అని అమ్మీ మురిసిపోతుంది. కొత్తగా చేరిన మొదటి నెల మౌనం సహజమే, భాష కొత్తదైతే ఇంకొన్నాళ్లు పట్టొచ్చు. పాఠం అర్థమవుతూ, అన్నీ రాస్తూ, నెలలు గడిచినా ఒక్క మాట పలకలేకపోతే దాన్ని హయా అనుకోకండి. అది గొంతు బిగిసిపోయేంత భయం. సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. "బోల్!" అని నిలబెట్టి గద్దిస్తే ఇంకా బిగుసుకుంటుంది.

మా రిష్తేదారుల్లో ఒక అమ్మాయి బాత్రూముకు వెళ్తానని అడగలేక బడిలో నీళ్లు తాగడమే మానేసింది. రెండేళ్లు! మార్కులు బాగానే వచ్చేవి కాబట్టి ఆ బడిలో ఎవరూ చీటీ రాయలేదు. చివరికి ఖాలా పట్టుబట్టి తీసుకెళ్లింది. డాక్టరమ్మ మందులేమీ ఇవ్వలేదు. బడి వదిలాక ఖాళీ క్లాసులో ముందు అమ్మీతో మాట్లాడించారు, తర్వాత ఒక సహేలీని కలిపారు, ఆ తర్వాత టీచరును. నెలలు పట్టింది.

ఇంట్లో ఉర్దూ మానేయండని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రెండు భాషల వల్ల ఈ జబ్బులు రావు. పరీక్ష మాత్రం బిడ్డకు బాగా వచ్చిన భాషలో చేయమని అడగండి. తెలుగు రాకపోవడాన్ని తెలివి లేకపోవడంగా రాసేస్తే అది జుల్మ్.

పెద్దపిల్లల సంగతి వేరు. నిద్ర, తిండి, దోస్తులు అన్నీ వదిలేసి గదిలో కూర్చుంటే స్కూలు చీటీ కోసం ఆగొద్దు. "చచ్చిపోతే బాగుండు" అంటే "తౌబా, హరామ్" అని నోరు మూయించకండి. వినండి, ఒంటరిగా వదలకండి, ఆ రోజే తీసుకెళ్లండి. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 కు ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు నోటుబుక్కులు పట్టుకెళ్లండి. బిడ్డ ఎవరితో మాట్లాడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో ఒక కాగితం మీద రాసుకోండి. ఇంట్లో ఉర్దూలో కబుర్లు చెబుతున్నప్పుడు ఫోన్లో తీసిన వీడియో ఒకటి ఉంటే మరీ మంచిది. అక్కడికెళ్లాక తను మాట్లాడకపోవచ్చు కదా!