విరిగిన ముక్కను పారేయకండి

ఈ పాఠం గురించి

ఇది అభిప్రాయ వ్యాసం. ఒక విషయం మీద రచయిత తన అభిప్రాయం చెప్పి, దానికి కారణాలు చూపడమే అభిప్రాయ వ్యాసం. ఆ అభిప్రాయంతో మీరు ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. అయితే ఎందుకో చెప్పగలగాలి. పెన్సిలు దగ్గర పెట్టుకొని చదవండి. మీకు నచ్చని వాక్యం కింద గీత గీయండి.

మూలపాఠం

చర్చిలోనో, పాటకచేరీ వేదిక మీదో మీరు డ్రమ్ సెట్టు చూసే ఉంటారు. కాలితో మోగించే పెద్ద బాస్ డ్రమ్, చేతికందే ఎత్తులో చిన్న డ్రమ్ములు, ఇత్తడి పళ్లేల్లాంటి తాళాలు, అన్నింటి మధ్య ఒకే ఒక్క మనిషి.

మన డప్పును మంట సెగకు కాచి బిగిస్తారు. డ్రమ్ సెట్టులో ఆ పని బోల్టులు చేస్తాయి. డ్రమ్ము చుట్టూ చిన్న లోహపు దిమ్మెలు బిగించి ఉంటాయి. వాటిని లగ్‌లు అంటారు. పైనున్న రింగు నుంచి పొడవాటి బోల్టు ఒక్కొక్క లగ్‌లోకి దిగుతుంది. బోల్టును తిప్పితే రింగు కిందికి దిగి, పొరను లాగి పట్టుకుంటుంది. ఒక్క లగ్ పగిలినా పొర ఆ పక్కన వదులవుతుంది. ఇక శ్రుతి నిలవదు.

ఇప్పుడు ఒక సంగతి ఊహించుకోండి. మీ ఊరి చర్చిలో 1960ల నాటి ఇంగ్లండు డ్రమ్ సెట్టు ఉంది. దానిలో ఒక లగ్ పగిలింది. పట్నంలో దుకాణదారుకు చూపిస్తే, "ఈ రకం సామాను ఇప్పుడు రాదు. కొత్త సెట్టు కొనుక్కోండి" అన్నాడు. మీరైతే ఏం చేస్తారు?

నా అభిప్రాయం ఇది. ముందు ఆ విరిగిన ముక్కను జాగ్రత్త చేయండి. దాన్నే నమూనాగా పెట్టుకొని మీకు దగ్గరలోని లేత్ పనివారి చేత కొత్తది చేయించండి. కానీ డ్రమ్ము ఒంటికి మాత్రం కొత్త రంధ్రం వేయనివ్వకండి. రేపు విప్పి మళ్లీ సరిచేయడానికి వీలుండే మరమ్మతే మంచి మరమ్మతు.

సామాను ఎందుకు దొరకదు?

లడ్విగ్ కంపెనీ 1909లో అమెరికాలోని షికాగోలో మొదలైంది. ప్రీమియర్ 1922లో లండన్‌లో మొదలైంది. సోనార్ జర్మనీ కంపెనీ. ఇలా ఎవరి లగ్‌లు వారివే, ఎవరి కొలతలు వారివే. అమెరికా డ్రమ్ముల బోల్టులకు సాధారణంగా అంగుళానికి 24 మరచుట్లు ఉంటాయి. సోనార్ బోల్టులు 6 మిల్లీమీటర్ల మెట్రిక్ కొలతవి. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. ఒకదాని బోల్టును మరొకదానిలో బలవంతంగా తిప్పితే మరలు అరిగి రెండూ పాడవుతాయి. 1960లలో కూడా కొన్ని ఇంగ్లండు డ్రమ్ములకు ఇప్పటి కొలతల పొరలు సరిపోవు. కంపెనీలు నమూనాలు మార్చాయి, కొన్ని మూతపడ్డాయి. పాత డ్రమ్ములు మాత్రం ఇంకా మోగుతూనే ఉన్నాయి.

మన దేశానికి ఈ కష్టం కొత్త కాదు. 1950లలో, 1960లలో కలకత్తా పార్క్ స్ట్రీట్ హోటళ్లలోనూ, బొంబాయి సినిమా స్టూడియోల్లోనూ డ్రమ్ సెట్లు మోగేవి. ఆ రోజుల్లో విదేశీ సరుకు దిగుమతి మీద గట్టి ఆంక్షలు ఉండేవి. 1991 తర్వాత అవి క్రమంగా సడలాయి. 2001 ఏప్రిల్ నాటికి మిగిలిన పరిమాణ ఆంక్షలు కూడా తొలగిపోయాయి. అంతవరకు విరిగిన దాన్ని ఇక్కడే బాగుచేసుకోవడం తప్ప వేరే దారి తక్కువ. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నగరంలో జలీ కోఠీ అనే పేట ఉంది. అక్కడి పనివారు తరతరాలుగా బ్యాండు మేళాల వాద్యాలు తయారుచేస్తూ వస్తున్నారు. అంటే మనకు పని చేతగాక కాదు. ఆ పనికి ఇవ్వవలసిన విలువ ఇవ్వక.

లోహం సంగతి తెలియాలి

లగ్ పగలగానే చాలామంది వెల్డింగు దుకాణానికి పరుగెత్తుతారు. అది పొరపాటు. పాత లగ్‌లలో ఎక్కువ భాగం జింకు మిశ్రమాన్ని అచ్చులో పోసి చేసినవి. జింకు సుమారు 420 డిగ్రీల సెల్సియస్ వద్దే కరిగిపోతుంది. ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీలు దాటాలి. గ్యాసు మంట తగిలిందంటే పగులు అతకడానికి ముందే లగ్ ముద్దయిపోతుంది. పైనున్న క్రోమియం పూత మీద టంకం కూడా అంటుకోదు. ఆ పూటకు నమూనా కూడా లేకుండా పోతుంది.

అందువల్ల లగ్‌ను విప్పి లోపల చూడండి. చాలా లగ్‌లలో మరలు ఉండేది లగ్‌లో కాదు, దాని లోపల కూర్చున్న చిన్న నట్టులో. చెడింది ఆ నట్టు ఒక్కటే అయితే లేత్ పనివారు ఇత్తడి కడ్డీ నుంచి దాన్ని తీయగలరు. లగ్ మొత్తమే పోయినా, ఇత్తడి దిమ్మె నుంచి అదే కొలతకు మలచవచ్చు. అందం కాస్త తగ్గవచ్చు. బలం తగ్గదు.

కొలతలు మీరే తీయవచ్చు. బోల్టును కాగితం కింద పెట్టి పైన పెన్సిలుతో రుద్దండి. మరచుట్ల గీతలు కాగితం మీద పడతాయి. ఒక అంగుళంలో ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టండి. ఒకే సైజు ఉన్న రెండు రంధ్రాల మధ్య దూరం కావాలంటే, ఒకదాని ఎడమ అంచు నుంచి రెండోదాని ఎడమ అంచు వరకు కొలవండి. మధ్య బిందువుల దూరం అదే. ఈ కాగితాన్ని విరిగిన ముక్కతో పాటు ఒక డబ్బాలో దాచండి. మీ తర్వాత వచ్చేవారికి అదే పాఠ్యపుస్తకం.

రెండు అభ్యంతరాలు

మొదటిది: "ఇంత శ్రమ ఎందుకు? వేరే కంపెనీ లగ్ తెచ్చి, డ్రమ్ముకు రెండు కొత్త రంధ్రాలు వేస్తే అరగంటలో పని అయిపోతుంది కదా?" అవుతుంది. రేపు పెళ్లిలో వాయించవలసినవారి తొందర నాకు తెలుసు. ఒక పూట వాయించకపోతే ఆ పూట కూలి పోతుంది. కానీ రంధ్రాన్ని వెనక్కి తీసుకోలేం. లగ్ ఒక్కదాని కోసం డ్రమ్ము ఒంటిని తూట్లు పొడవడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్లే. ఆ పూటకు మరో డ్రమ్ము అద్దెకు తెచ్చుకోవడం మేలు.

రెండవది పాత వస్తువులు సేకరించేవారిది. "అసలు సామాను తప్ప మరొకటి పెడితే దాని విలువ పోతుంది" అంటారు వారు. విలువ అంటే అమ్మకం ధర ఒక్కటే అయితే వారి మాట నిజం. కానీ డ్రమ్ము పుట్టింది అద్దాల బీరువాలో కూర్చోవడానికి కాదు. ఇక్కడ చేయించిన ఇత్తడి ముక్కతో అది మోగితే అందులో తక్కువతనం లేదు. అయితే ఒక నియమం. ఆ డ్రమ్మును ఎప్పుడైనా అమ్మితే, ఏ ముక్క అసలుదో, ఏది చేయించిందో కొనేవారికి చెప్పి తీరాలి. బాగుచేసినదాన్ని అసలుదిగా అమ్మడం మోసం.

చివరి మాట మీ గురించి

ఈ పుస్తకం చదువుతున్న మీలో లేత్ మీద పనిచేసేవారు, సైకిలు షాపు నడిపేవారు, బ్యాండులో వాయించేవారు ఉండవచ్చు. బడి మధ్యలో మానేశాం కాబట్టి మాకు చదువు లేదని మీరు అనుకుంటూ ఉండవచ్చు. మరచుట్లు లెక్కపెట్టడం గణితం. ఏ లోహం ఎంత వేడికి కరుగుతుందో తెలియడం విజ్ఞాన శాస్త్రం. చేసిన పనిని కాగితం మీద పెట్టడం భాష. మొదటి రెండూ మీ చేతుల్లో చాలాకాలంగా ఉన్నాయి. రాయకపోవడం వల్ల అవి మీతోనే ఆగిపోతున్నాయి. మూడవదాన్ని వాటికి జోడించడానికే ఈ పుస్తకం.

దొరకని సామాను గురించి అందరూ బాధపడతారు. చేయగల చేతులు కనిపించకుండా పోతే ఎందరు బాధపడుతున్నారు? నాకు ఆ రెండవదే పెద్ద నష్టంగా తోస్తుంది.

ఆలోచించండి, రాయండి

1. లగ్‌ను వెల్డింగు చేయించవద్దని రచయిత ఎందుకు అన్నారు? రెండు వాక్యాల్లో రాయండి.

2. "రేపు విప్పి మళ్లీ సరిచేయడానికి వీలుండే మరమ్మతే మంచి మరమ్మతు." ఈ మాట మీ వృత్తికి వర్తిస్తుందా? ఒక ఉదాహరణ ఇవ్వండి.

3. మీరు గీత గీసిన వాక్యం ఏది? దానితో ఎందుకు విభేదిస్తున్నారో పది వాక్యాల్లో రాయండి.

4. మీకు తెలిసిన ఒక మరమ్మతు పనిని, ఎప్పుడూ చేయనివారికి అర్థమయ్యేలా వరుస క్రమంలో రాయండి. రాసింది ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. వారికి అర్థం కాని చోట మళ్లీ రాయండి.