ఎత్తు ఎక్కిన పెట్రోలు ఎక్కడికి పోయింది?



మొన్న ఆదివారం మా అబ్బాయి కారులో తార్నాక నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం లోపలికి వెళ్ళాం. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం మెరకమీద వున్నది. ఆ ఆవరణలో దారులకు ఎత్తుపల్లాలు ఎక్కువ.

పల్లం రాగానే నేను, "న్యూట్రల్ వెయ్యరా, పెట్రోలు మిగులుతుంది," అన్నాను.

"వద్దు నాన్నా!" అన్నాడు వాడు.

"ఎందుకు వద్దు?" అని మా మనుమరాలు పట్టుకున్నది. ఆ జవాబే ఈ నెల పాఠం.

నిండు బిందెను మేడమీదికి మోస్తే ఆయాసం వస్తుంది గదా! కారుకూ అంతే. వెయ్యి కిలోల కారును 10 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి, మామూలు ఖర్చుకు తోడు, సుమారు రెండున్నర చెంచాల పెట్రోలు అదనంగా కావాలి. అందులో ముప్పాతిక వంతు ఇంజను వేడిగా పోతుంది. మిగిలిన పాతిక వంతే ఎత్తుగా మారి కారులో దాగి వుంటుంది.

ఆ ఎక్కడం పొదుపుగా ఎలా? ఎత్తు మొదలు కాకముందే కాస్త వేగం అందుకోవాలి. ఇంజను మూలగక ముందే గేరు తగ్గించాలి. శిఖరం దగ్గర పడగానే యాక్సిలరేటరు మీద కాలు తేలిక చెయ్యాలి. అవతల పల్లమే మనల్ని తీసుకుపోతుంది.

దిగేటప్పుడు బండిని గేరులోనే వుంచి కాలు తీసెయ్యాలి. అప్పుడు చక్రాలే ఇంజనును తిప్పుతాయి. నేటి ఇంజెక్షన్ ఇంజన్లలో ఆ సమయాన పెట్రోలు చిమ్మడం ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆరిపోకుండా వుండటానికి పెట్రోలు తాగుతూనే వుంటుంది. పైగా బండిని పట్టి వుంచే భారమంతా బ్రేకుల మీదనే పడుతుంది. తిరుమల నుంచి దిగే మొదటి ఘాట్ రోడ్డు (1944) వంటి పొడుగు పల్లాలలో బ్రేకులు కాగిపోయి పట్టు సడలవచ్చు. ఇంజనే ఆపేస్తే, చాలా కార్లలో బ్రేకుకూ స్టీరింగుకూ అందే సాయం కూడా పోతుంది.

ఇప్పుడొక తప్పు ఒప్పుకుంటాను. 1985 ప్రాంతంలో నేను నా స్కూటరు ఇంజను ఆపి పల్లంలో జార్చేవాణ్ణి. ఒక సాయంత్రం ఒక కుర్రవాడు సైకిలుతో అడ్డం వచ్చాడు. బ్రేకు వేసినా బండి ఆగలేదు. పక్కకు తిప్పి పడిపోయాను. వాడికి దెబ్బ తగలలేదు; నా మోకాలు చిట్లింది. ఆ పూట నేను మిగిల్చిన పెట్రోలు ఒక్క చెంచా అయినా వుంటుందా? అంత తెలిసీ మొన్న మళ్ళీ న్యూట్రల్ అన్నాను చూడండి! పాత అలవాటు అంత తొందరగా పోదు.

మీరొక ప్రయోగం చెయ్యండి. పలక చివర కింద ఒక పుస్తకం పెట్టి, పైనుంచి బొమ్మకారు వదలండి. నేలమీద ఎంత దూరం పోయిందో కొలవండి. తరువాత రెండు పుస్తకాలు పెట్టి చూడండి. ఎత్తులో దాగిన శక్తి మీ కొలబద్దకే దొరుకుతుంది. ఆ లెక్క మీ నాన్నగారికీ, అమ్మగారికీ చూపించి, ఈసారి పల్లం వచ్చినప్పుడు గేరు సంగతి గుర్తుచెయ్యండి.