కంప్యూటరు కులం అడగదట! మరి రిఫరల్ ఎందుకు అడుగుతున్నట్టు?

పోయిన ఏడు మా బడి వార్షికోత్సవానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. మైకు పట్టుకుని ఇలా సెలవిచ్చాడు: "పిల్లలూ! కంప్యూటరుకి కులం లేదు. మీట నొక్కే వేలు ఎవరిదని అది అడగదు. కష్టపడి నేర్చుకోండి. ప్రపంచమంతా మీదే." పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పంతుల్ని కదా, కొట్టకపోతే బాగుండదు.

వెనక వరసలో మా పల్లె పిల్ల ఒకతె నిలబడి ఉంది. ఆ పిల్ల మాత్రం కొట్టలేదు. మా దగ్గరే చదివింది. అమ్మానాన్న ఇద్దరూ మిరప కోతలకి పోతారు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి ఇంటరు, ఫీజు రీయింబర్స్‌మెంటు మీద బి.టెక్ పూర్తి చేసింది. ఆ ఇంట్లో సంతకం పెట్టడం వచ్చిన మొదటి మనిషి ఆమే. సభ అయ్యాక పిలిచి అడిగాను, ఏం తల్లీ, అట్లా నిలబడ్డావేంటని.

"కంప్యూటరు అడగదు మాస్టారూ, నిజమే. దాని ముందు కూర్చోబెట్టేవాడు అడుగుతాడు" అంది.

ఈ మాట మీద ఆలోచించమని మన పల్లెల్లో ప్రతి తల్లినీ తండ్రినీ, ప్రతి సంఘం కార్యకర్తనీ అడగడానికే ఇది రాస్తున్నాను.

ఆ పిల్ల హైదరాబాదు వెళ్ళింది. అమీర్‌పేటలో ఒక గదిలో ఆరుగురితో కలిసి పడుకుంది. ఒక కోర్సుకి డబ్బు కట్టింది, ఆ డబ్బు వాళ్ళ నాన్న వడ్డీకి తెచ్చాడు. కోర్సు అయింది. సర్టిఫికెట్ వచ్చింది. వందల చోట్లకి దరఖాస్తు పంపింది. పిలిచింది నలుగురు. పిలిచిన ప్రతిచోటా ఒకటే మాట: "మా కంపెనీలో ఎవరైనా తెలుసా? రిఫరల్ ఉందా?" ఒక చోట తెలుగాయనే ఇంటర్వ్యూ చేశాడట. పల్నాడు అనగానే ఆయన మొహం విప్పారింది. "ఏ ఊరు? ఇంటిపేరేంటి? ఊళ్ళో ఎటు వైపు మీ ఇల్లు?" అన్నాడు. ఎటు వైపో చెప్పింది. ఆ తర్వాత ప్రశ్నలు ఎక్కువ సేపు సాగలేదు.

అదే ఏడాది, అదే కాలేజీలో, ఈ పిల్ల కంటే తక్కువ మార్కులతో గట్టెక్కిన మా ఊరి ఆసామి కొడుకు మూడు నెలల్లో ఉద్యోగంలో చేరాడు. ఆ కుర్రాణ్ణి నేను తిట్టడం లేదు. వాడూ నా శిష్యుడే. కానీ లెక్క చూడండి. వాడు దిగింది బాబాయి ఫ్లాటులో. వాడి రెజ్యూమె దిద్దింది మేనత్త కొడుకు. కంపెనీలో లోపలికి పంపింది బాబాయి తోడల్లుడు. ఇంటర్వ్యూలో ఏమడుగుతారో ముందు రోజు రాత్రి ఫోన్లో చెప్పింది పక్కూరి వియ్యంకుడి కూతురు. దీన్ని వాళ్ళు కులం అనరు. "మనవాళ్ళు" అంటారు. ఇంగ్లీషులో కమ్యూనిటీ అంటారు, నెట్‌వర్క్ అంటారు. మనం నలుగురం ఒక చోట కూర్చుని ఒక పిల్లకి సాయం చేద్దామంటే మాత్రం "కులసంఘం పెట్టారు" అంటారు!

ప్రతిభ, ప్రతిభ అని గొంతు చించుకునే అయ్యల్ని అడుగుతున్నాను. ఫోన్ చేసేందుకు బాబాయి ఉండటం ఏ ప్రతిభ? అది ఏ ఎంసెట్లో రాసిన ర్యాంకు?

ఇది ఒక పిల్ల గోడు అని కొట్టిపారేస్తారు కనుక లెక్కలూ చెబుతాను. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రైవేటు కంపెనీల 548 ఉద్యోగ ప్రకటనలకి 4,808 దరఖాస్తులు పంపారు. చదువు ఒకటే, అర్హత ఒకటే. పేరు ఒక్కటే మార్చారు. అగ్రకులమని తెలిసే పేరుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకి పిలుపొచ్చే అవకాశం మూడింట రెండు వంతులే ఉంది. ఇంకా మొహం చూడలేదు, మాట వినలేదు. కాగితం మీద పేరు చూసి కాగితాన్ని పక్కన పడేశారు. కంప్యూటరుకి కులం లేదన్న పెద్దమనిషీ, వింటున్నారా?

సముద్రాలు దాటితే పోతుందంటారు. పోలేదు. 2020 జూన్ 30న అమెరికాలో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కో అనే పెద్ద కంపెనీ మీద, ఇద్దరు భారతీయ సూపర్‌వైజర్ల మీద కేసు వేసింది. ఒక దళిత ఇంజనీరుని కులం చూసి అణగదొక్కారని అభియోగం. కంపెనీ ఒప్పుకోలేదు, ఆ ఇద్దరి మీద కేసుని 2023లో ఆ విభాగమే వెనక్కి తీసుకుంది. న్యాయం సంగతి కోర్టులు చూసుకుంటాయి. కానీ ఆ కేసుతో కులం అనే మాట అమెరికా కోర్టు కాగితాలకెక్కింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది. విమానం ఎక్కేటప్పుడు మనవాళ్ళు ఊరగాయ జాడీతో పాటు ఇంకేం పట్టుకెళ్ళారో సియాటిల్ వాళ్ళకి అర్థమైంది. మన ఊరి పెద్దమనుషులకి మాత్రం అర్థం కాదు.

మన వినుకొండ జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. ఆ కావ్యంలో అంటరానివాడు తన గోడు శివుడికి చెప్పుకోవాలి. గుడి గడప తొక్కనివ్వరు. తన తరఫున చెప్పే మనిషి లేడు. చివరికి గబ్బిలాన్ని పంపుకున్నాడు, దాన్ని గుడిలోకి రావద్దనేవాడు లేడు కాబట్టి. ఎనభై ఏళ్ళు దాటిపోయాయి. ఈనాటి గుడికి అద్దాల తలుపులొచ్చాయి, మెడలో కార్డు ఉంటేనే తెరుచుకుంటాయి. మన పిల్ల ఇంకా బయటే నిలబడి గబ్బిలం కోసం వెతుక్కుంటోంది.

ఆ వెతుకులాట చూసి దళారులు తయారయ్యారు. ఫోను తెరిస్తే వాళ్ళే. "ఆన్‌లైన్ బిజినెస్ నేర్పుతాం, ఇంట్లో కూర్చుని లక్షలు." "డేటా ఎంట్రీ ఉద్యోగం, డిపాజిట్ కట్టండి." "దొడ్డిదారిన ఉద్యోగం వేయిస్తాం, దొంగ అనుభవం సర్టిఫికెట్ ఇస్తాం." ఎవరికి వల వేస్తారు వీళ్ళు? బాబాయి లేనివాడికి! డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన రాష్ట్రపు కుర్రాళ్ళని కంబోడియా తీసుకుపోయి, అక్కడ నిర్బంధించి సైబర్ మోసాలు చేయించిన ముఠా సంగతి 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అలా పోయినవాళ్ళంతా అత్యాశతో పోలేదు. అప్పు తీర్చాలని పోయినవాళ్ళున్నారు.

కాబట్టి ముందుగా ఇది గుర్తుపెట్టుకోండి. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు గానీ డబ్బు అడగడు. అడిగినవాడు దొంగ. మోసపోతే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల నంబరు. చదువుకి వేలు పోయనక్కర్లేదు. ఐఐటీల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉన్నాయి, కేంద్ర ప్రభుత్వం 2017లో స్వయం అనే వేదిక పెట్టింది. పాఠాలు వినడానికి పైసా కట్టక్కర్లేదు. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు.

సొంతంగా వ్యాపారం పెట్టుకునే పిల్లలకీ ఒక మాట. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. దానికి డబ్బు గుంజే నెట్ సెంటర్ని నిలదీయండి. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు ఏటా కొనే మొత్తం సరుకులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థల దగ్గర కొనాలని 2012 నాటి ఉత్తర్వు ఉంది. ప్రభుత్వం సరుకు కొనే జెమ్ పోర్టల్ 2016 నుంచి నడుస్తోంది. ఈ రెండు సంగతులు తెలిసినవాళ్ళు మన పల్లెలో ఎంతమంది? తెలిసినవాళ్ళు మనకి చెప్పరు. చెప్పడానికి మనవాడు అక్కడ లేడు. తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది కథ.

అయితే మనుషుల్ని పోగేసుకుంటే చాలా? చాలదు. ప్రభుత్వాన్నీ అడగాలి.

ఉద్యోగాల్లో రిజర్వేషన్ ప్రభుత్వంలో ఉంది. ప్రభుత్వంలో ఉద్యోగాలు లేవు. ఉద్యోగాలు ప్రైవేటులో ఉన్నాయి. ప్రైవేటులో రిజర్వేషన్ లేదు. ఇంత చక్కగా అమరింది! 2004లో యూపీఏ ప్రభుత్వం ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ గురించి చర్చిస్తామని తన కనీస ఉమ్మడి కార్యక్రమంలో రాసుకుంది. పరిశ్రమాధిపతులు చట్టం వద్దు, మాకు మేమే చేస్తామన్నారు. ఇరవై ఏళ్ళు దాటింది. మా పల్లెలోకి ఆ "మాకు మేమే" ఇంకా రాలేదు.

అది ప్రైవేటు వాళ్ళ సొమ్ము, మనమెట్లా అడుగుతామంటారు కొందరు. ఎవరి సొమ్ము? 2025 ఏప్రిల్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం విశాఖలో టీసీఎస్ కంపెనీకి 21.16 ఎకరాల భూమిని 99 పైసల నామమాత్రపు ధరకి ఇవ్వడానికి ఒప్పుకుంది. 99 పైసలు! మా వాళ్ళు శ్మశానానికి అర ఎకరం అడిగితే ఆఫీసుల చుట్టూ చెప్పులరుగుతాయి. కంపెనీలు రావద్దని నేను అనను. రానీండి, మన పిల్లలకే ఉద్యోగాలు కావాలి. కానీ ఆ భూమి ప్రజలది. ప్రజల్లో మనమూ ఉన్నాం. భూమి ఇచ్చే కాగితంలోనే మన వాటా ఉద్యోగాలూ రాయమంటే తప్పేంటి? 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని మన అసెంబ్లీ చట్టం చేసింది. స్థానికుడి కోసం ప్రైవేటు గేటు ముందు చట్టం నిలబడగలిగినప్పుడు, దళితుడి కోసం నిలబడలేదా? చట్టానికి కాళ్ళు లేక కాదు. దొరలకి మనసు లేక.

ఇప్పుడు మనవాళ్ళతోనే నాకు తగాదా ఉంది. చేదుగా ఉంటుంది, వినాలి.

మన మండలం పల్లెల నుంచి సాఫ్ట్‌వేర్లోకి వెళ్ళినవాళ్ళు లేకపోలేదు. హైదరాబాదులో, బెంగుళూరులో ఉన్నారు. ఊరికి క్రిస్మస్‌కి వస్తారు. కారు పల్లెకి దూరంగా ఆపుతారు. పిల్లలు చుట్టూ మూగితే చాక్లెట్లు పంచుతారు. ఫోన్ నంబరు మాత్రం పంచరు. ఆఫీసులో కులం తెలుస్తుందని భయం. ఆ భయం నాకు తెలుసు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు స్టాఫ్‌రూములో నా గ్లాసు వేరుగా పెట్టినా ఏడాది పాటు కిక్కురుమనలేదు నేను. కానీ తమ్ముడూ, చెల్లీ! మీరు దాక్కున్నంత కాలం ఆ గేటు దగ్గర మీ వెనక వచ్చే పిల్లకి మనిషి లేడు.

1917లో బాబాసాహెబ్ కొలంబియాలో చదువుకుని బరోడా కొలువుకి వచ్చాడు. ఊరు మొత్తంలో ఉండటానికి గది దొరకలేదు. ఒక పారశీ సత్రంలో తలదాచుకుంటే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. అంత చదువూ ఆయనకి ఒక గది ఇప్పించలేకపోయింది. అప్పుడాయన ఏం చేశాడు? పేరు మార్చుకుని ఎక్కడో స్థిరపడలేదు. 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టాడు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి కాలేజీ కట్టాడు. తనకి దొరకని గది వెనక వచ్చేవాళ్ళకి కట్టాడు.

మన దగ్గర? 1985 జూలై 17న కారంచేడు జరిగినప్పుడు చదువుకున్నవాళ్ళు ఇళ్ళల్లో కూర్చోలేదు. బొజ్జా తారకం ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేసి వచ్చాడు. సంస్కృతం చెప్పుకునే కత్తి పద్మారావు వీధిలోకి వచ్చాడు. దళిత మహాసభ అలా పుట్టింది. ఈనాడు మిమ్మల్ని ఉద్యోగం వదిలెయ్యమని ఎవరూ అడగట్లేదు. వారానికి ఒక గంట అడుగుతున్నాం.

క్రోసూరు మండలంలో మనం ఇలా మొదలుపెడదాం:

1. ప్రతి పల్లెలో ఒక నోటు పుస్తకం. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఎవరు, ఏ కంపెనీ. చదువు అయిపోయినవాళ్ళు ఎవరు, ఏం నేర్చారు. రెండు వరసలు రాసి కలపండి. ఆ పుస్తకమే మన బాబాయి.

2. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చిలోనో, అంబేద్కర్ భవనంలోనో రెండు గంటలు. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఫోన్లో వీడియో ద్వారా ఇంటర్వ్యూ అడగాలి, పిల్లలు జవాబు చెప్పాలి. ఇంగ్లీషు తప్పులకి నవ్వినవాణ్ణి బయటకి పంపండి.

3. ఉద్యోగం వచ్చిన ప్రతి ఒక్కరూ ఏడాదికి ఇద్దరిని రిఫర్ చెయ్యాలి. అందులో ఒకరు ఆడపిల్ల అయి తీరాలి.

4. ఏ కోర్సుకైనా, ఏ ఏజెంటుకైనా డబ్బు కట్టేముందు పుస్తకం పట్టుకున్నవాళ్ళని అడగాలి.

5. ఆ పుస్తకంలో మాల, మాదిగ, రెల్లి అని గీతలు గీయొద్దు. మన మధ్య తేల్చుకోవలసిన వాటాలు ఉన్నాయి, అవి తేల్చుకుందాం. గేటు బయట మాత్రం అందరం ఒకే వరసలో నిలబడ్డాం.

ప్రభుత్వాన్ని అడిగేవి మూడే. ప్రజల భూమి, రాయితీలు తీసుకునే ప్రతి కంపెనీలో రిజర్వేషన్ అమలు కావాలి. ఎంతమంది ఎస్సీ, ఎస్టీలని తీసుకున్నారో ఏటా ప్రకటించాలి. ఫీజు బకాయి పేరు చెప్పి ఏ కాలేజీ కూడా పిల్లల సర్టిఫికెట్లు ఆపకూడదు.

మొన్న ఆ పిల్ల తండ్రి మిరప కల్లం దగ్గర కనిపించాడు. "మాస్టారూ, అప్పుచేసి చదివించా. ఇంకేం నేర్పించమంటారు?" అని అడిగాడు. ఆయనకి నేనేం చెప్పను? పిల్ల నేర్చుకోవాల్సింది నేర్చుకుంది. ఇక నేర్చుకోవాల్సింది మనం. ఒకరికొకరం మనుషులం కావడం నేర్చుకోవాలి.

వచ్చే ఆదివారం మా పల్లెలో పుస్తకం తెరుస్తున్నాం. మొదటి పేరు ఆ పిల్లదే. రెండో పేరు ఎవరిది?

జై భీమ్!

– ఒక బడిపంతులు, క్రోసూరు