మాటకు హద్దు గీస్తున్నది ఎవరు?

భావప్రకటనా స్వేచ్ఛ మీద చర్చ వచ్చిన ప్రతిసారీ మనం ప్రభుత్వం వైపే చూస్తాం. రాజద్రోహం కేసులు, సినిమాల సెన్సారు, 2015లో సుప్రీంకోర్టు కొట్టేసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్ గుర్తుకొస్తాయి. అవన్నీ ముఖ్యమే. కానీ వాడలో మాటను ఆపేది చాలాసార్లు పోలీసు కాదు. కూలికి పిలిచే రైతు, కౌలుకిచ్చే ఆసామి, అరువిచ్చే కిరాణా కొట్టు.

ఇది కొత్తదేమీ కాదు. 1936లో లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ అంబేడ్కర్‌ను అధ్యక్షోపన్యాసానికి పిలిచి, రాసిన ప్రసంగంలో మార్పులు కోరింది. ఆయన ఒప్పుకోలేదు. సభ రద్దయింది. ఆయన సొంతంగా అచ్చువేసిన ఆ ప్రసంగమే 'కుల నిర్మూలన'. దాన్ని అడ్డుకున్నది బ్రిటిష్ సర్కారు కాదు, సంస్కర్తలమని చెప్పుకున్నవాళ్లే.

పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో 2017లో ఇతర నాయకుల విగ్రహాల సరసన అంబేడ్కర్ విగ్రహం ఉండాలన్నారు దళితులు. అదొక అభిప్రాయం. దానికి జవాబు వాదనగా రాలేదు, సాంఘిక బహిష్కరణగా వచ్చింది. పొలం పనులకు పిలవడం మానేశారు. నోరు మూయమని ఎవరూ చెప్పనక్కర్లేదు, పొట్ట కొడితే చాలు.

ఇటు కులం పేరుతో తిట్టేవారికి మాత్రం 'నోరు జారింది' అన్న సాకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం ఆ అవమానం నేరం కావాలంటే అది జనం చూపులో జరగాలి. బయటివాళ్లెవరూ లేనప్పుడు ఇంటి నాలుగు గోడల మధ్య అన్న మాట ఈ సెక్షన్ కిందకు రాదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇళ్లలో పనిచేసే మనిషికి ఆ నాలుగు గోడలే పనిచోటు.

స్వేచ్ఛ కోరుతూనే ఆంక్షలూ కోరుతున్నారని కొందరు మమ్మల్ని అడుగుతారు. మా నాయకుల మీద, ఉద్యమాల మీద, అంబేడ్కర్ ఆలోచనల మీద విమర్శను ఆపమని మేము అనడం లేదు. విమర్శకు బదులివ్వొచ్చు. కులదూషణకు బదులిస్తే మర్నాడు కూలి పోతుంది. తేడా అక్కడుంది.

19వ అధికరణ ప్రధానంగా రాజ్యం చేతుల్ని కట్టేందుకు రాసింది. అంటరానితనాన్ని రద్దుచేసిన 17వ అధికరణ ఇరుగుపొరుగుకూ వర్తిస్తుంది. ఊళ్లో మాటకు రక్షణ దాని నుంచే వెతకాలి. 2015 సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణను, ఆ బెదిరింపును కూడా సెక్షన్ 3(1)(జెడ్‌సి) కింద నేరం చేసింది.

అయితే బహిష్కరణను ఎవరూ కాగితం మీద రాసి ప్రకటించరు. అందుకే మొదటి రోజు నుంచే ఎవరు పనికి పిలవడం మానేశారో, ఏ కొట్టు సరుకు ఇవ్వనన్నదో తేదీలతో మనమే రాసిపెట్టాలి. 2016లో సవరించిన నిబంధనల ప్రకారం ఆగిపోయిన సేవలను పునరుద్ధరించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. అరెస్టులతో పాటు ఆ పునరుద్ధరణనూ ఫిర్యాదులోనే అడగాలి.